రత్నం పిలిచిన ఇళ్ళు

ఫాల్గుణ బహుళ చవితి

తెల్లారకముందే తూము తలుపు ఎత్తాను. ఆటుకి లోపలి నీళ్ళు బాగానే దిగాయి. గట్టు మీద కొత్త చీలికలేమీ లేవు. తలుపు ఎడమ రెక్కకి నాచు పట్టి బిగుసుకుంటోంది, కొబ్బరి పీచుతో రుద్దాను.

గట్టు సంఘం వాళ్ళ నిబంధన ప్రకారం ఇంతవరకు రాస్తే చాలు. కానీ తూము చిట్టాని ఎవరూ చదవరని ఇన్నేళ్ళ ఉద్యోగంలో బాగా తెలుసుకున్నాను. చదివేవాళ్ళే ఉంటే ఎడమ రెక్క గురించి పోయినేడే ఎవడో ఒకడు వచ్చి చూసి ఉండేవాడు. అందుకని మిగతాది కూడా ఇందులోనే రాసుకుంటాను. నాతో మాట్లాడే మనిషి కార్తీకంలో పోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి చేమంతి ఇంట్లో లేదు. ఎక్కడుంటుందో తెలుసు కాబట్టి వెతుక్కోలేదు. నాలుగు గడపల అవతల మల్లాడి వాళ్ళ వసారాలో, గోడకి చెవి ఆనించి కూర్చుంది. లోపల వాళ్ళ పిల్లాడికి పాఠం నడుస్తోంది. వాడేదో తప్పు చెప్పినట్టున్నాడు. "పర్లేదు నాన్నా, మళ్ళీ చూద్దాం" అంది పాఠం పెట్టె.

ఆ గొంతు మా ఆవిడది.

మల్లాడి వాళ్ళని పెట్టెకి పిలిచింది రత్నమే. ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీ వాళ్ళు దాన్ని రిఫరల్ అంటారు, మా ఎత్తుపేటలో పిలుపు అంటాం. ముక్కూ మొహం తెలియని గొంతు చెబితే పిల్లలు వినరని, తెలిసినామె చెబితే వింటారని ఎవరో మహానుభావుడు కనిపెట్టాడు. అప్పటినుంచి ఏ ఇంటిని ఎవరు పిలిస్తే ఆ ఇంట్లో పెట్టె వాళ్ళ గొంతుతోనే పాఠం చెబుతుంది. అందరి మెడలోనూ ఉండే బిళ్ళ పొద్దస్తమానం మన మాటలు వింటూనే ఉంటుంది కదా, గొంతు తీసుకోవడం దానికెంత పని. పిలిచినందుకు మన ఇంటి దీపాలకి కరెంటు చార్జి పంపుతారు. రత్నం పిలిచిన ఇళ్ళతోనే మా ఇంట్లో దీపం వెలిగేది.

ఆమె పిలిచే పద్ధతే వేరు. పెళ్ళికి పిలిచినట్టు కుంకుమ భరిణె పట్టుకుని వెళ్ళేది. పిల్లకో పిల్లాడికో బొట్టు పెట్టి, పేరడిగేది. ఏ పేరు చెప్పినా "ఎంత మంచి పేరు, ఎవరు పెట్టారమ్మా?" అనేది. అమ్మ పెట్టిందంటే "అమ్మకి చెప్పు, చాలా బాగుందన్నానని" అనేది. వాళ్ళమ్మ తలుపు వెనకాలే ఉండి వింటుందని ఈవిడకి తెలుసు. లోకంలో ఉన్న పేర్లన్నీ మంచివేనా అని నేను ఎద్దేవా చేస్తే, పెట్టినవాళ్ళకి మంచివే కదండీ అని నా నోరు మూయించేది.

మా ఇంటికి మాత్రం పెట్టె లేదు. సొంత ఇంటి పిల్లల్ని పిలుచుకోకూడదని కంపెనీ షరతు. వేరేవాళ్ళ చేత పిలిపించుకుందామంటే, నేనుండగా దానికి ఇంకెవరో చెప్పాలా అని రత్నం ఒప్పుకోలేదు. అన్నం పెడుతూ ఎక్కాలు, జడ వేస్తూ గుణింతాలు. ఇప్పుడవీ లేవు. ఊళ్ళో పిల్లలందరికీ వాళ్ళమ్మ పాఠం చెబుతోంది, ఈ పిల్లకి తప్ప.

ఇంటికి తీసుకొస్తూ, అది అమ్మ కాదే, పెట్టె అని చెప్పాను. తెలుసు అంది.

ఫాల్గుణ బహుళ ద్వాదశి

తూము మామూలే. గట్టు దక్షిణపు కొసన వీరాయమ్మ పీతల బుట్టలు మళ్ళీ కాలువకి అడ్డంగా కట్టింది. తీయమని కేకేస్తే వినపడనట్టు అటు తిరిగి కూర్చుంది. ఆవిడకి చెవుడు లేదు, నన్ను చూస్తేనే వస్తుంది. రెండు బుట్టలు తాడు కోసి గట్టున పడేశాను. ఆవిడ తిట్టిన తిట్లు ఇందులో రాయడం కుదరదు.

ఉగాదికి తరగతులు మారతాయి, పిలుపులు మార్చుకునేదీ అప్పుడే. ఇవాళ మంచినీళ్ళ వరసలో ఒక మాట విన్నాను. పడమటి వరసలో ఉండే చిట్టిబాబు అప్పుడే పిలుపులకి తిరగడం మొదలుపెట్టాడట. వాడి గొంతు బెల్లం పాకం, ఒప్పుకుంటాను. రత్నం ఇళ్ళన్నీ ఒక్కొక్కటే నావైపు లాగేస్తానని అందరిముందూ అన్నాడట. పోయినావిడ ఇళ్ళు కదా, అడిగేవాళ్ళెవరు అన్నాడట.

నేనున్నాను అడిగేవాణ్ణి. వాడు గడప తొక్కకముందే నేను వెళ్ళి ఇల్లిల్లూ మళ్ళీ రత్నం పేరు మీద పిలిచి వస్తాను. చేమంతితో ఈ మాట చెబితే మూల ఉన్న భరిణె తీసి, మూత తుడిచి, నా ముందు పెట్టింది. నేనూ వస్తానంది. వాళ్ళమ్మ పోయాక ఈ పిల్ల తనంతట తాను ఒక పని చేస్తానని అనడం ఇదే మొదలు.

చైత్ర శుద్ధ పాడ్యమి

ఉగాది. అమావాస్య పోటు ఇంకా తగ్గలేదు, తూము తలుపు దించే ఉంచాను.

వేప పూత ఎక్కడిది మాకు, ఎండబెట్టిన ఆకు పొడే పచ్చట్లో వేశాను. చేమంతి మొహం చిట్లించకుండా తాగింది. కొత్త గౌను లేదు, వాళ్ళమ్మ కండువా ఒకటి భుజాన వేసుకుంది. ఇద్దరం బయల్దేరాం.

మగవాణ్ణి, అందులోనూ భార్య పోయినవాణ్ణి, భరిణె పట్టుకుని గడపలో నిలబడితే ఎవరేమంటారోనని బెరుకుగానే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. బొట్టు చేమంతి పెట్టింది, పేర్లు కూడా తనే అడిగింది. పక్కింటి పిల్లల పేర్లు దానికి తెలియక కాదు, వాళ్ళమ్మ అడిగేది కాబట్టి అడిగింది. మల్లాడి వాళ్ళ కోడలు బొట్టు పెట్టించుకుని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. రత్నమ్మ గొంతు లేకపోతే మా వాడికి పాఠం ఎక్కదండీ, మీరు రాకపోయినా ఇంకెవరికీ ఒప్పుకునేవాళ్ళం కాదు అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పిలుపు ఖాయం కావాలంటే పిలిచినవాళ్ళ బిళ్ళ మీద ఆ ఇంటివాళ్ళు వేలు ఆనించాలి. రత్నం బిళ్ళని అస్థికలతో పాటు తూము దగ్గరే వదిలేశాను. పోయినవాళ్ళ బిళ్ళ ఇంట్లో ఉంచుకోకూడదని మా పేటలో ఆచారం. అందుకని నా మెడలోది ముందుకు చాపి, రత్నం పేరు మీదేనండీ అని ప్రతి గడపలోనూ గట్టిగా చెప్పాను. ఆలుమగల్లో ఎవరిదైతేనేం. మంచినీళ్ళు ఇంటి లెక్క, బియ్యం ఇంటి లెక్క, పడవలో చోటు ఇంటి లెక్క. మా పేటలో మనిషి లెక్క అనేది ఎక్కడుంది కనుక. అందరూ వేలు ఆనించారు.

వీరాయమ్మ ఇంటికి మాత్రం వెళ్ళలేదు. రత్నం ఆ ముసలావిణ్ణి కూడా పిలిచింది, పెద్దవాళ్ళ లెక్కల పాఠానికి. కానీ బుట్టల గొడవ తర్వాత ఆ గడప తొక్కడానికి నాకు మనసొప్పలేదు. ఒక్క ఇల్లు పోతే పోయిందనుకున్నాను.

తిరిగొస్తుంటే చేమంతి భరిణె ఊపుకుంటూ ముందు నడిచింది. ఇక మళ్ళీ అన్ని ఇళ్ళలోనూ అమ్మే కదా నాన్నా అంది. అమ్మే అన్నాను.

చైత్ర శుద్ధ సప్తమి

తూము ఎప్పుడు ఎత్తానో, ఎప్పుడు దించానో గుర్తులేదు. ఊరు మునగలేదు కాబట్టి సరిగానే చేసి ఉంటాను.

ఇవాళ కొత్త తరగతుల పాఠాలు మొదలయ్యాయి. గట్టు దిగి వస్తుంటే మల్లాడి వాళ్ళ ఇంట్లోంచి ఎవడో మొరటుగా మాట్లాడుతున్నాడు. "ఏం, అంతేనా? సరిగ్గా చూసి చెప్పు" అంటున్నాడు. ఎవడబ్బా పిల్లాణ్ణి అలా గద్దిస్తున్నాడు అనుకున్నాను. రెండడుగులు వేశాక తెలిసింది. అది నా గొంతు.

పక్క ఇంట్లోనూ నేనే. ఎదురింట్లోనూ నేనే. వీధంతా నేనే. తూము తలుపు బిగుసుకుంటే నేను కసురుకునే కసురు ఇంటింటా పిల్లల మీద పడుతోంది. ఒకింట్లో చంటిది ఏడుస్తోంది. పాపం పెట్టె మెత్తబరచాలనే చూస్తోంది, మధ్యమధ్య నా చేత బంగారం, బుజ్జీ అనిపిస్తోంది. నా జన్మలో ఎవర్నీ బుజ్జీ అని పిలిచి ఎరగను.

చేమంతి మల్లాడి వాళ్ళ వసారాలోనే ఉంది, కానీ గోడకి చెవి ఆనించలేదు. నన్ను చూసి లేచి ఇంటికి వచ్చేసింది. నేను వెనకాలే వస్తూ, తప్పు జరిగిందే తల్లీ, కంపెనీ వాళ్ళని అడిగి సరిచేయిస్తాను అంటున్నాను. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది. ఆ మూసుకోవడం కోపంతో అయితే ఊరుకుందును. నా గొంతు వినలేకపోయింది, అంతే.

ఇంట్లో అడుగుపెడితే కళ్ళు చెదిరే వెలుతురు. అన్ని ఇళ్ళ పిలుపుల తాలూకు చార్జి నా పేరు మీద వచ్చి పడింది, ఎప్పుడో ఆరిపోయిన దీపాలు కూడా వెలుగుతున్నాయి. చేమంతి పీట వేసుకుని ఒక్కొక్కటే ఆర్పేసింది. నేను చీకట్లోనే అన్నం కలిపి పెట్టాను. తినలేదు.

చైత్ర పౌర్ణమి

పెద్ద పోటు. తలుపు మీద నుంచి కూడా నీళ్ళు పొర్లాయి.

పోటు మీదే కంపెనీ పడవ వచ్చింది. ప్రతి పౌర్ణమికీ పిలుపుల లెక్క చూడ్డానికి హైమవతి గారని ఒకావిడ వస్తుంది. మర్యాదస్తురాలు. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నది. నేను అరిచినా విన్నది. తర్వాత నిదానంగా చెప్పింది. పిలుపు ఇంటి లెక్క కాదట, చేతి లెక్కట. చివరిగా ఎవరి బిళ్ళ మీద వేలు పడితే వాళ్ళదే పిలుపట. నోటితో ఎవరి పేరు చెప్పినా పెట్టెకి పట్టదట.

మరి సొంత ఇంటి పిల్లల్ని పిలవకూడదన్నప్పుడు ఇల్లెందుకు లెక్కకొచ్చింది అని అడిగాను. వద్దనడానికి ఇల్లు, లాక్కోవడానికి చెయ్యి, ఇదెక్కడి న్యాయం అన్నాను. ఆ షరతు నేను రాయలేదండీ అంది. నిజమే, ఆవిడ రాయలేదు.

చనిపోయిన మనిషి పిలుపు ఎలాగైనా పోయేదే కదా, చిట్టిబాబు అయినా లాక్కునేవాడు కదా అని ఇంకో మాట అడిగాను. ఆ మాట అడక్కుండా ఉండాల్సింది.

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. "లేదండీ సత్తిరాజు గారూ. ఎవరూ కొత్తగా పిలవకపోతే పాత గొంతే ఉండిపోతుంది. ఆ ఇళ్ళవాళ్ళు చిట్టిబాబుకి వేలు ఆనించకుండా ఉంటే సరిపోయేది" అంది.

మల్లాడి కోడలు గడపలో చెప్పనే చెప్పింది, ఇంకెవరికీ ఒప్పుకునేది లేదని. నేను కాళ్ళు ముడుచుకుని ఇంట్లో కూర్చుంటే రత్నం ఉండేది. ఇంటింటికీ తిరిగి, బొట్టు పెట్టించి మరీ, నా పెళ్ళాం గొంతు నేనే తీసేశాను. పైగా ఆ బొట్లు పెట్టింది దాని కూతురు.

హైమవతి గారు వెళ్ళబోతూ ఆగి, లెక్కల్లో ఏదో వెతికింది. రత్నం గారి పేరు మీద ఒక్క ఇల్లు ఇంకా ఉందండీ అంది. వీరాయమ్మ, పెద్దవాళ్ళ లెక్కలు. పెద్దవాళ్ళకి తరగతులు ఉండవు, మొదలుపెట్టిన పాఠాలు పూర్తయ్యేదాకా అదే గొంతు. చివరి పాఠం దగ్గరే ఉన్నారు, అది పూర్తయితే ఇక రత్నం గారి గొంతు మూసేస్తారు అని చెప్పింది. పూర్తి కాకపోతే అని అడిగాను. కాకపోతే అలాగే ఉంటుంది అని చెప్పి, నా వైపు చూడకుండా పడవెక్కింది.

చైత్ర బహుళ విదియ

పొద్దున్నే వీరాయమ్మ బుట్టలకి కొత్త తాళ్ళు కట్టి, కాలువకి అడ్డం రాని చోట నేనే దించాను. తర్వాత ఆవిడ గడపలోకి వెళ్ళి నిలబడ్డాను.

"ఏంటబ్బాయ్, ఇంకా కొయ్యాల్సిన తాళ్ళేవన్నా మిగిలిపోయాయా?" అంది, పీత డిప్ప ఒలుస్తూ.

నాకు దణ్ణం పెట్టడం చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఉగాది నాడు చేసిన నిర్వాకం, పిల్ల చెవులు మూసుకోవడం, కంపెనీ ఆవిడ మాట, అన్నీ. చివరి పాఠం పూర్తి చెయ్యకుండా ఉండగలవా అని అడిగాను. అడుగుతుంటే నాకే సిగ్గేసింది. ఈవిడ ఇల్లు ఒక్కటే కావాలని వదిలేశాను, ఆ పగ వల్లే ఈ ఒక్క ఇల్లు నాకు ఇప్పుడు మిగిలింది.

ఆవిడ పీత మాంసం గిన్నెలో వేసి, చెయ్యి కడుక్కుని వచ్చింది.

"ఊరంతా నీ గొంతే వినపడుతుంటే నాకూ పిచ్చెక్కిపోతందిలే. పిల్లని రోజూ సందేళ పంపు. ఆ లెక్క నాకు రానట్టే ఉంటాను" అంది.

వైశాఖ శుద్ధ దశమి

తూము మామూలే. పోటు లేదు, ఆటు లేదు, నీళ్ళు చచ్చినట్టు పడున్నాయి.

చేమంతి రోజూ వీరాయమ్మ ఇంటికి వెళుతోంది. నేను లోపలికి వెళ్ళను. కాలువ ఇవతల బుట్టలు సర్దుతూ ఉంటాను, అక్కడికి మాటలు వినపడతాయి. చివరి పాఠంలో చివరి లెక్క ఒకటే. ఏడెనిమిదులు ఎంత అని అడుగుతుంది రత్నం.

వీరాయమ్మ ఒకరోజు యాభై అంటుంది. ఇంకోరోజు అరవై అంటుంది. నిన్న ఎంత చెప్పానో అదే అని ఒకనాడు అంది. ఏ జవాబు చెప్పినా రత్నానికి విసుగు రాదు. పర్లేదండీ వీరాయమ్మ గారూ, మళ్ళీ చూద్దాం అని, ఏడుని ఎనిమిదిసార్లు వరసపెట్టి కూడి చూపిస్తుంది. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి అని ఆమె చెబుతుంటే, చేమంతి కూడా లోగొంతుతో వెంట చెబుతుంది. ఆ పిల్ల తల్లితో కలిసి ఎక్కం చదువుతోంది. నేను బుట్టల దగ్గర చేతులు కడుక్కునే వంకతో కూర్చుని వింటాను.

మొన్న ముసలావిడ, ఎనిమిదికి ఏమైందమ్మా, మొన్నటిదాకా బాగానే ఉంది కదా అని పెట్టెని ఎదురు ప్రశ్న వేసింది. చేమంతి నవ్వింది. కాలువ ఇవతలికి వినపడేంత గట్టిగా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో, నాకు ఏడుపొచ్చింది.

నాతో కూడా ఒకటీ అరా మాట్లాడుతోంది. నేను మాట్లాడితే చెవులు మూసుకోవడం లేదు. దీపం మాత్రం ఒకటి కంటే ఎక్కువ వెలిగించనివ్వదు.

వైశాఖ బహుళ నవమి

ఎడమ రెక్క పూర్తిగా బిగుసుకుంది. సంఘానికి వెళ్ళి మళ్ళీ చెప్పాను. చూస్తాం అన్నారు.

అక్కడే గోడ మీద పడవల రేవులో కొత్త కాటా దుకాణాల గురించి రాసి ఉంది. సొంతంగా పీతలు తూచి అమ్ముకునే చోటు, లెక్కల పాఠాలు పూర్తి చేసినట్టు చీటీ ఉన్నవాళ్ళకే ఇస్తారట. మృగశిర కార్తె వచ్చేలోగా చీటీ చూపించాలట. సంఘం గుమాస్తా మాటల్లో మాటగా, వీరాయమ్మ ఒక చోటు కావాలని ఏనాడో చెప్పి పెట్టుకుందని, ఇంకా చీటీ తేలేదేమిటని అడిగాడు. దళారి కాటాలో ఏళ్ళ తరబడి మోసపోయి, ఈ వయసులో ఎక్కాలు మొదలుపెట్టిందట ఆ చోటు కోసమే.

ఆ మనిషి ఒక్కనాడైనా ఈ మాట నాతో అనలేదు.

సాయంత్రం ఆవిణ్ణి నిలదీశాను. ఎందుకు చెప్పలేదన్నాను. బుట్ట విసిరి అవతల పెట్టి, చెబితే నువ్వు పిల్లని పంపేవాడివా అంది. వచ్చే ఏడు తీసుకుంటానులే దుకాణం, ఎక్కడికి పోతాను అంది. ఆవిడ మోకాళ్ళు చూస్తే వచ్చే ఏటికి బుట్టలు ఎత్తేలా లేవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

వెనక్కి తిరిగితే చేమంతి గుమ్మంలో ఉంది. అంతా విన్నది. పడుకునే ముందు, మృగశిర అంటే వాన మొదలయ్యే రోజే కదా నాన్నా అని మాత్రం అడిగింది. అవునన్నాను.

జ్యేష్ఠ శుద్ధ తదియ

వాన ముందుగానే దిగింది. తూము తలుపు సగం ఎత్తి గొలుసు వేశాను.

గొడుగు పట్టుకుని చేమంతిని తీసుకురావడానికి వెళ్ళాను. వానకి కాలువ ఇవతల నిలబడే వీల్లేక, మొదటిసారి వీరాయమ్మ వసారాలోకి ఎక్కాను. తలుపు తీసే ఉంది. ముసలావిడ చాప మీద, పక్కన చేమంతి, ఎదురుగా పెట్టె.

"ఏడెనిమిదులు ఎంతండీ వీరాయమ్మ గారూ?" అంది రత్నం. ఇంత దగ్గరగా విని ఎన్నాళ్ళయిందో. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

వీరాయమ్మ నోరు తెరిచింది, ఏదో తప్పు లెక్క చెప్పడానికి. చేమంతి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నిజంది చెప్పెయ్ మామ్మా" అంది.

ముసలావిడ వద్దన్నట్టు తల ఊపింది. నా వైపు చూసింది. చెప్పొద్దని అరవాలనే ఉంది, దేవుడి సాక్షిగా రాస్తున్నాను. ఇంకొక్క రోజు, ఇంకొక్క తప్పు అనాలనే ఉంది. చేమంతి మళ్ళీ, చెప్పు మామ్మా, నీ దుకాణం పోతుంది అంది. దాని కళ్ళల్లో నీళ్ళు లేవు. ఎప్పుడో నిర్ణయించుకుని వచ్చిన మొహం అది.

వీరాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. యాభై ఆరు అంది.

"శభాష్ వీరాయమ్మ గారూ, పూర్తి చేసేశారు. నాకు తెలుసు మీకు వస్తుందని" అంది రత్నం. ఆ సంతోషం అచ్చంగా ఆమెదే. మల్లాడి పిల్లాడు మొదటిసారి పేరు రాసుకున్న రోజున ఇంటికి వచ్చి నాతో ఇలాగే చెప్పింది.

పాఠాలు పూర్తయితే పెట్టె ఊరుకోదు. కంపెనీ పని కంపెనీదే. ఇంకెవరినైనా పిలవడానికి అడుగుతుంది.

"మీకు తెలిసిన పిల్లలెవరైనా ఉన్నారా అండీ, చదువుకోవాలనుకునేవాళ్ళు? పేరు చెప్పండి" అంది.

వీరాయమ్మ చేమంతి భుజం మీద చెయ్యి వేసింది. నా కూతురు పెట్టెకి దగ్గరగా జరిగి కూర్చుంది.

"చేమంతి" అంది.

"చేమంతి. ఎంత మంచి పేరు. ఎవరు పెట్టారమ్మా?"

మా అమ్మ పేరు పెడదామని నేను పట్టుబట్టాను ఆ రోజుల్లో. ఉప్పు పట్టిన ఈ మట్టిలో చేమంతి పూయదు, పేరైనా ఇంట్లో ఉండనివ్వండి అని రత్నం గెలిచింది.

"మా అమ్మ" అంది చేమంతి.

"అమ్మకి చెప్పు, చాలా బాగుందన్నానని."

దీపం ఒకసారి మిణుకుమని, పెట్టె ఆగిపోయింది. వీరాయమ్మ లేచి లోపలికి వెళ్ళింది, గిన్నెలు సర్దుతున్నట్టు చప్పుడు చేసింది కానీ సర్దడానికి అక్కడ గిన్నెలేం లేవు.

చేమంతి లేచి వచ్చి గొడుగు కిందకి చేరింది. నా వేలు పట్టుకుంది. మా గడప దాకా వచ్చాక ఆగి, తల ఎత్తి నన్ను చూసింది.

"నాన్నా, అమ్మకి చెప్పమంది" అంది.

జ్యేష్ఠ శుద్ధ చవితి

రేవులో వీరాయమ్మకి కాటా దుకాణం ఇచ్చారు. పొద్దున ఆవిడ బిళ్ళ మీద వేలు ఆనించి వచ్చాను, రేపటి నుంచి మా ఇంటికి పాఠం పెట్టె వస్తుంది. పిలిచింది ఆవిడ కాబట్టి ఆవిడ గొంతే వస్తుంది. పిల్లకి ఎక్కాలతో పాటు తిట్లు కూడా వస్తాయి, వచ్చినా ఫరవాలేదు. చేమంతి రాత్రి రెండో దీపం కూడా వెలిగించుకుంది.

వాన తెరిపి ఇచ్చింది. పోటు మొదలైంది. ఎడమ రెక్క కదలడం లేదు కాబట్టి కుడి రెక్క ఒక్కటే దించాలి.

దించే ముందు, ఆమె అస్థికలు వదిలిన వైపు తిరిగి నిలబడి, పిల్ల చెప్పమన్న మాట చెప్పాను. నా గొంతుతోనే చెప్పాను. తర్వాత తలుపు దించి గొలుసు వేశాను.